సుక్కికి మొదటి బహుమతి

అంకిస, 9 జూలై 1985

మా ట్రైనింగు టీచరు వత్సలాబాయి దిద్దే డైరీ మరాఠీలో ఉంది. ఎన్ని ఇళ్లు తిరిగామో, ఎన్ని మందు గోళీలు పంచామో అందులో రాస్తే ఆమెకు చాలు. ఇది నాది. ఇందులో తప్పులుంటే దిద్దేవాళ్లు లేరు.

నర్సు ట్రైనింగు ఆఖరి నెలలు పల్లెలో చేయాలని సిరోంచ హాస్టల్ నుంచి మమ్మల్ని ఇక్కడికి తోలారు. నేనూ యాదక్కా ఒక్క గదిలో ఉన్నాం. గది కురుస్తోంది. నా మంచం మీదే కురుస్తోంది. యాదక్క ముందుగా వచ్చి మంచి మూల పట్టేసింది. అదేమని అడిగితే, "ముందొచ్చిన చెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు గదా, నువ్వే జర తెలివి చూపించు" అని నవ్వుతుంది.

ఒక్కొక్కరం ఒక బిడ్డను ఎంచుకోవాలి. నవంబర్‌లో పరీక్ష. అప్పటికి బిడ్డ బరువు పెరగాలి, కార్డు మీద గీత పైకి పోవాలి. పోతే పాసు, పోకపోతే ఇంకో ఆరు నెలలు ఇదే గది, ఇదే మంచం. నాకు ఇప్పటికే కాలు నిలవడం లేదు. ఎప్పుడు తెల్లకోటు వేసుకుని ఎక్కడో ఒక దవాఖానాలో నా కుర్చీలో నేను కూర్చుంటానా అని ఉంది.

10 జూలై

పోషణ పాఠం మా పుస్తకంలో చిట్టచివరిది. వత్సలాబాయి దాన్ని రెండు పూటల్లో ముగించింది. పాలు, గుడ్డు, ఆపిల్ బొమ్మలున్న చార్టు గోడకు తగిలించి, "దీని మీద చిన్న ప్రశ్నే వస్తుంది, సూదులూ కాన్పులూ బాగా చదవండి" అంది. నేను చార్టును రంగులతో సహా నోటుబుక్కులోకి దించుకున్నాను. ఇప్పుడు లేపి అడిగినా అప్పజెప్పగలను. ఆపిల్ పండు మాత్రం ఇంతవరకు తినలేదు.

12 జూలై

బిడ్డ దొరికింది. వాగు అవతల అడవి అంచున గూడెం ఉంది, అక్కడ సోము ఇంట్లో. పేరు సుక్కి. రెండేళ్లు నిండాయి. తల్లి రాజుబాయి మళ్లీ కడుపుతో ఉంది కాబట్టి పాలు మాన్పించారు. ఎండాకాలంలో సుక్కికి తట్టు పోసిందట. తగ్గాక నాయనమ్మ మల్లక్క అమ్మవారికి మొక్కుకుంది. పంట ఇంటికొచ్చి, కొలుపు చేసి, కోడినిచ్చేదాకా ఈ బిడ్డకు నీసు పెట్టరు, పప్పు పెట్టరు, తాలింపు వాసన తగలనివ్వరు.

చార్టు ప్రకారం పాలు పట్టమన్నాను. వాళ్లింట్లో మూడు ఆవులున్నాయి. మల్లక్క నన్ను దొంగను చూసినట్టు చూసింది.

"ఆవు పాలు ఆవు దూడయి బిడ్డా. మేం పాలు పిండం. నీ నోటికాడి ముద్ద నేను గుంజుకుంటే నీకెట్లుంటది?"

చార్టులో దూడ బొమ్మ లేదు. సరే, అన్నమైనా మూడు పూటలా కడుపు నిండా పెట్టమన్నాను. "గంజి బాగ తాగుతది" అని తల ఊపింది.

బంగారం లాంటి పిల్ల. ఎత్తుకుంటే ఏడవలేదు, తూకం సంచిలో వేలాడదీస్తే ఏడవలేదు. అటు యాదక్క ఎంచుకున్న సమ్మయ్య కొడుకు ఉన్నాడు, ఎండిన కోతిపిల్ల. తూకం కొక్కెం చూస్తేనే ఊరంతా లేస్తుంది.

13 జూలై

వాన. గది కురుస్తోంది. యాదక్క గురక.

26 జూలై

గీత పైకి పోయింది! కొంచెమే, కానీ పోయింది. అంకిస దాకా నడుస్తూ పాట పాడుకున్నాను. వాగులో జారి పడ్డాను, అయినా పాట ఆపలేదు.

9 ఆగస్టు

మళ్లీ పెరిగింది. ముఖం గుండ్రంగా అయింది, బుగ్గలు నిండాయి. రాజుబాయి కొంగుతో నోరు మూసుకుని నవ్వుతూ, "మా సుక్కి దొరబిడ్డ తీరుగ అయింది బాయి" అంది. నన్ను ఇంతవరకు ఎవరూ దేనికీ ఇంత ప్రేమగా చూడలేదు.

జుట్టు కాస్త ఎర్రబడింది. ఎండకు అయి ఉంటుంది. వాన విడవకుండా కొడుతుంటే ఎండ ఎక్కడిదని యాదక్క అడిగింది. దానికి కడుపుమంట. దాని కోతిపిల్ల గీత నత్త లాగా పాకుతోంది.

20 ఆగస్టు

వత్సలాబాయి తనిఖీకి వచ్చింది. సుక్కి కార్డు చూసి, పిల్ల బుగ్గ గిల్లి, "శాబ్బాస్, దేవక్కా!" అంది. ఈ ఏడాదిన్నరలో ఆమె నోట ఆ మాట వినడం ఇదే మొదలు. పోషణ వారంలో సిరోంచలో సుదృఢ బాలక స్పర్ధ పెడుతున్నారు. బొద్దు పిల్లల పోటీ. మా సెంటర్ తరఫున సుక్కిని తీసుకురమ్మంది.

రాత్రి అన్నం సయించలేదు. సంతోషానికే అయి ఉంటుంది.

23 ఆగస్టు

సుక్కి ఆడటం లేదు. కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోంది. రాజుబాయి పొయ్యి దగ్గర ఉన్నా అన్నం కోసం చేయి చాపదు. బుద్ధిమంతురాలు.

యాదక్కకు చెబితే, "అడగందే అమ్మయినా పెట్టదంటరు. నీ పిల్లేంది, అడుగనే అడుగది?" అంది. దాని మాటలకు విలువ ఇవ్వకూడదు. అయినా ఇది ఎందుకు రాస్తున్నానో.

4 సెప్టెంబర్, సిరోంచ హాస్టల్

మొదటి బహుమతి! సుక్కికే!

ఒక బడి హాలులో పెట్టారు పోటీ. పిల్లలంతా గోల గోల. ఒకడు జడ్జి గారి ఒళ్లో తడిపాడు. సుక్కి మాత్రం కుర్చీలో బొమ్మలా కూర్చుంది. జడ్జీల్లో ఒకామె ఎవరో ఆఫీసరు గారి భార్య. "ఎంత శాంతమైన బిడ్డ, ఎంత నిండుగా ఉంది" అని తన చేతులతో ఎత్తి అందరికీ చూపించింది. స్టీలు గిన్నె, గులాబీ రంగు గౌను ఇచ్చారు. సోము తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు, ఏం చేయాలో తెలియక. వత్సలాబాయి నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీయించింది.

ఫోటో కోసం సుక్కి కాలు సర్దుతూ పాదం పట్టుకున్నాను.

గౌను కొంచెం పెద్దదయింది. పర్వాలేదు, ఎదిగే పిల్ల.

5 సెప్టెంబర్

చాలాసేపు కుర్చీలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. అందుకే.

6 సెప్టెంబర్, అంకిస

బస్సులో కూడా కాళ్లు వేలాడేసుకునే వచ్చింది. అంత దూరం. ఎవరికైనా అలా అవుతుంది.

నా బొటనవేలి గోరు పెరిగింది. ఈరోజు కత్తిరించుకున్నాను.

8 సెప్టెంబర్

రాసేస్తాను. ఎవరూ చూడరు కదా.

ఫోటో దగ్గర సుక్కి పాదం మీద నా బొటనవేలు నొక్కుకుంది. వేలు తీశాక అక్కడ గుంట పడింది. తడి పిండి మీద వేలు పెట్టినట్టు. ఫోటో అయిపోయింది, బహుమతి చేతికిచ్చారు, చప్పట్లు కొట్టారు, గుంట అట్లాగే ఉంది. నేను గౌను అంచు కిందికి లాగి దాన్ని కప్పాను.

ఇవ్వాళ పొద్దున్నుంచి కాళ్లు నొక్కుతున్నాను. నా కాలు నొక్కాను. యాదక్క నిద్రపోతుంటే దాని కాలు నొక్కాను, తన్నింది. ఇంటి ఓనరు ఎల్లక్క మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నొక్కాను. ఎవరికీ గుంట పడలేదు. సమ్మయ్య కొడుకు కాలూ నొక్కాను. ఆ కోతిపిల్లకూ పడలేదు, నా చేతి మీద గీరి పారిపోయాడు.

తర్వాత పుస్తకం తీశాను. చిట్టచివరి పాఠం, చిట్టచివరి పేజీ. పాదాలకు నీరు. ఉబ్బిన ముఖం. ఎర్రబడిన పలుచని జుట్టు. ఆట మీద ధ్యాస ఉండదు, ఆకలి అడగదు. మాంసకృత్తులు అందని బిడ్డకు వచ్చే జబ్బు అని మరాఠీలో నాలుగు వరుసలు. పక్కన నా చేతిరాతతోనే 'ముఖ్యం కాదు' అని పెన్సిల్‌తో రాసి ఉంది. వత్సలాబాయి చెబితే రాసుకున్నాను.

వాపు చూసి బలుపు అనుకున్నట్టు అని మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. నేనూ ఎంతమందిని వెక్కిరించానో ఆ సామెతతో. ఇప్పుడు వాపుకు పోటీ పెట్టించి, గిన్నె ఇప్పించి, పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను.

యాదక్కను లేపి చెప్పాను. వెక్కిరిస్తుందనుకున్నాను. లేచి కూర్చుని, "పొద్దుగాల్నే పోదాం పా" అంది.

9 సెప్టెంబర్

వాగు పొంగింది. దాటలేం.

10 సెప్టెంబర్

వాన. వాగు.

11 సెప్టెంబర్

ఒడ్డున నిలబడ్డాను. అవతల సోము గొడ్లను తోలుకొచ్చాడు. నేను అరిచాను. వాగు హోరులో నా గొంతు నాకే వినపడలేదు. చెప్పు విడిచి కాలెత్తి, బొటనవేలితో పాదం మీద నొక్కి చూపించాను. మళ్లీ మళ్లీ చూపించాను. సోము కాసేపు చూసి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. బహుమతి ఇప్పించినందుకు కావచ్చు. ఒంటికాలి మీద ఎగిరే నర్సును చూసి పిచ్చిదనుకుని కూడా పెట్టి ఉండవచ్చు.

గదికి వచ్చి కూర్చోలేకపోయాను. మళ్లీ ఒడ్డుకు పోయాను. మళ్లీ వచ్చాను. ఆ పిల్ల ఇప్పుడు గంజి తాగుతూ ఉంటుంది. మూడు పూటలా. నేను చెప్పినట్టే.

14 సెప్టెంబర్

నీళ్లు నడుము దాకా తగ్గాయి. చేపలు పట్టే భీము చేయి పట్టుకుని దాటాను.

సుక్కి అరుగు మీద గౌను తొడుక్కుని కూర్చుంది. కళ్లు సన్నని గీతలయ్యాయి, పాదాలు మెరుస్తున్నాయి. తొడ మీద తోలు లేచింది. ఆ గుంట ఇప్పుడు మోకాలి దాకా ఎక్కడ నొక్కినా పడుతోంది. నేను నొక్కుతుంటే నన్ను చూడనైనా చూడలేదు.

దవాఖానాకు తీసుకుపోదాం అన్నాను. మల్లక్క అడ్డం నిలబడింది.

"మొన్ననే గదా బిడ్డ మంచిగున్నదని గిన్నె ఇస్తిరి. ఇయ్యాల రోగమంటున్నవ్. ఏది నిజం?"

"ఇయ్యాలది నిజం, అవ్వా. అయ్యాల మాకు తెలువలే."

"తెలువనోళ్లు బహుమానం ఎట్ల ఇచ్చిండ్రే? అంతమంది కండ్ల ముందట కూసుండబెట్టిండ్రు. దిష్టి తగిలింది నా బిడ్డకు. గంతే."

నేను ఏడ్చాను. ఏడవకూడదని పుస్తకంలో ఉందో లేదో గాని, మల్లక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. రాజుబాయి కూడా మొదలుపెట్టింది. చివరికి సోము లేచి, "ఏడుపులు జర ఆపుండ్రి. నేను తీస్కపోత. దిష్టి అయితే దిష్టి, రోగమయితే రోగం, బిడ్డ మాత్రం మంచిగ లేదు" అని సుక్కిని భుజానికెత్తుకున్నాడు.

15 సెప్టెంబర్, సిరోంచ

డాక్టరు గారు చూసిన వెంటనే మంచం ఇచ్చారు. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే తెచ్చి కూడా లాభం ఉండేది కాదన్నారు. ఎవరు చెప్పారు నీకు అని అడిగారు. నా వేలు అని చెప్పలేకపోయాను.

17 సెప్టెంబర్

ఒళ్లు చల్లబడింది. సోము తన దుప్పటి, నా దుప్పటి రెండూ కప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెంచాతో పోస్తే మింగదు.

ఈరోజు ఇంక రాయలేను.

18 సెప్టెంబర్

ఉంది.

19 సెప్టెంబర్

ఉంది. నాలుగు చెంచాలు తాగింది.

24 సెప్టెంబర్

నీరు దిగిపోతోంది. ప్రతి పొద్దున ఇంత ఇంతగా పిల్ల చిక్కిపోతోంది. వాపు కింద ఏం దాగిందో ఇప్పుడు కనపడుతోంది. పక్కటెముకలు, పుల్లల్లాంటి కాళ్లు. తూకంలో వేస్తే జూలైలో చూసిన బరువు కన్నా తక్కువ. డాక్టరు గారేమో, "బాగవుతోంది, ఇట్లాగే తగ్గాలి" అంటున్నారు. ఇది పుస్తకంలో లేదు.

ఈరోజు గుడ్డు ఇచ్చారు. సోము దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, నలిపి, పాలలో కలిపి పెట్టాడు.

"మా అవ్వకు చెప్పకు బాయి" అన్నాడు.

2 అక్టోబర్, అంకిస

సుక్కిని ఇంటికి చేర్చాం. ఇట్లా జరుగుతుందని అనుకోలేదు. అనుకోవలసింది.

గూడెమంతా వచ్చింది చూడటానికి. మల్లక్క పిల్లను ఒళ్లోకి తీసుకుని, ఆ కాళ్లు తడిమి, ఆ ఎముకలు తడిమి, నా వైపు చూసింది.

"నిండు బిడ్డను ఎత్తుకపోయి ఎండు పుల్లను తెచ్చినవ్. మాకు నిన్ను సూసుడే తప్పయింది."

రాజుబాయి నన్ను లోపలికి పిలవలేదు. ఆమెకు నెలలు నిండుతున్నాయి. వాకిట్లో నిలబడి వాపు సంగతి చెప్పబోయాను. నీరు అన్నాను, పోషణ అన్నాను. ఎవరు వింటారు? గిన్నె ఇచ్చిన రోజు ఈ మాటలేవీ చెప్పలేదు కదా. వాగు దాటి వచ్చేటప్పుడు ఇక మళ్లీ అక్కడికి పోను, పరీక్ష ఏమైనా కానీ అనుకున్నాను.

3 అక్టోబర్

పోలేదు.

4 అక్టోబర్

పోలేదు. మళ్లీ గంజి పోస్తారు. మళ్లీ నీరొస్తుంది. మళ్లీ అందరూ సంతోషిస్తారు, నిండుగా అయిందని.

5 అక్టోబర్

పోయాను. వేయించిన పల్లీలు, పుట్నాలు, బెల్లం దంచి ఉండలు చుట్టి పట్టుకుపోయాను. మల్లక్క బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. నేను పక్కన కూర్చుని రాళ్లు ఏరసాగాను.

"సిరోంచల గుడ్డు తిన్నదట గదా" అంది చేట ఆపకుండా.

సోము చెప్పాడో, తనే కనిపెట్టిందో. అబద్ధం చెప్పే ఓపిక లేదు నాకు. తిన్నది అన్నాను. తిన్నందుకే బతికింది అని కూడా అన్నాను, కోపంగానే అన్నాను.

"ఏమేం తిన్నదే?"

గుడ్డు, పాలు, పప్పు, అన్నీ చెప్పాను. మల్లక్క చేట కింద పెట్టింది.

"తల్లికి మొక్కినంక మాట తప్పుడు ఉండది. తట్టు పోసినప్పుడు ఈ పోరి బతుకది అన్నరు. ఆ తల్లే ఇడిసిపెట్టింది. నువ్వు అయ్యాల లేవు."

"లేను, అవ్వా."

"మా తల్లి సీమ వాగు కాడికే. వాగు దాటినంక ఆమె అడుగది." చేట మళ్లీ అందుకుని, "నాకు గూడ కనపడది. కండ్లు మసకలు" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె చేతులు పట్టుకున్నాను. విదిలించుకుంది. పల్లీ ఉండల మీద మాత్రం మొక్కు లేదట. ఒకటి నోట్లో వేసుకుని, బెల్లం తక్కువైందని తిట్టింది.

8 అక్టోబర్

ఇప్పుడు రోజూ ఇదే పని. పొద్దున్నే గుడ్డు ఉడకబెట్టి, మెత్తగా వండిన పప్పన్నం మూట కట్టుకుని వాగు దగ్గరికి పోతాను. నీళ్లు ఇప్పుడు మోకాలి లోతే. మల్లక్క సుక్కిని చంకనేసుకుని వస్తుంది. స్టీలు గిన్నె కూడా తెస్తుంది, బహుమతి గిన్నె. నడి వాగులో పిల్లనూ గిన్నెనూ నా చేతికిచ్చి వెనక్కి పోయి, అవతలి గట్టున మా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. నేను ఇవతలి గట్టున తినిపిస్తాను. అయిపోయాక, "తిన్నదా?" అని అడుగుతుంది, వీపుతోనే. తిన్నది అంటాను. ఏం తిన్నదని అడగదు.

సుక్కి నోరు తెరుస్తుంది, మింగుతుంది. అంతే. నవ్వదు, ఏడవదు, అడగదు. ఆ పిల్ల ఏడవకపోతే నా గుండె ఆగుతోంది. ఒకప్పుడు దానికే మురిసిపోయాను.

19 అక్టోబర్

రాజుబాయికి కొడుకు. కాన్పు నేనే చేశాను, మంత్రసాని దేవక్కతో కలిసి. ఆమె పేరూ నా పేరూ ఒకటేనని ఇద్దరం నవ్వుకున్నాం. రాజుబాయి నా చేయి పట్టుకుని వదల్లేదు. ఇన్ని రోజుల తర్వాత లోపలికి పిలిచింది.

2 నవంబర్

వత్సలాబాయి వచ్చింది. కార్డు చూసి నుదురు పట్టుకుంది. సెప్టెంబర్ దాకా పైకి పోయిన గీత, అక్కడి నుంచి బావిలో పడినట్టు పడింది. తర్వాత లేస్తోంది గాని, బహుమతి నాటి ఎత్తుకు ఇంకా చాలా దూరం.

"సెప్టెంబర్ తర్వాతిది చూపించకు" అంది మరాఠీలో. "పిల్లకు జ్వరమని చెప్పి ఫోటో పెట్టు. పరీక్షకు వచ్చే మేడం బయటి మనిషి, ఆమెకేం తెలుసు?"

"ఆ జబ్బు మీరెప్పుడైనా చూశారా, బాయీ?" అని అడిగాను. అడిగాక భయం వేసింది. ఆమెకు కోపం రాలేదు.

"ఎన్నో ఏళ్లుగా దాని పేరు బోర్డు మీద రాస్తున్నాను. ఒక్క పిల్ల కాలైనా నొక్కి చూడలేదు. నాకు నేర్పిన ఆమె కూడా బోర్డు మీదే రాసింది" అంది. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం మళ్లీ చెప్పింది, ఫోటో పెట్టు అని.

9 నవంబర్

ఫోటో పెడితే పాసు. జనవరికల్లా పోస్టింగు. నా కుర్చీ. కురవని గది.

10 నవంబర్

ఫోటో చూశాను. నేను ఎంత బాగా నవ్వుతున్నానో. సుక్కి గౌను అంచు మీద నా చేయి ఉంది.

19 నవంబర్

రేపే పరీక్ష. యాదక్క తన కోతిపిల్లకు తలంటు పోయించింది. నన్ను అడిగింది, ఏం చేస్తావని. తెలియదన్నాను. అది నిజం కాదు. సాయంత్రమే గూడేనికి కబురు పెట్టాను, పిల్లను తీసుకురమ్మని.

20 నవంబర్

ఉప కేంద్రం వరండాలో పరీక్ష. మేడం సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ముందు యాదక్కను పిలిచింది. కోతిపిల్ల ఏడ్చి రభస చేశాడు, గీత మెల్లగా పైకి పోయింది, యాదక్క పాసు.

నేను సుక్కిని ఎత్తుకుని పోయాను. వెనకే మల్లక్క వచ్చింది. కార్డు మొత్తం ముందు పెట్టాను. వత్సలాబాయి కిటికీ వైపు తిరిగింది.

"బరువు తగ్గిందే?"

"నీరు పోయింది, మేడం."

"బాగా పోషణ అందిన బిడ్డకు లక్షణాలు చెప్పు."

చార్టు నోటికి రావాలి. రాలేదు. అన్నాళ్ల చదువు ఎటు పోయిందో. "నొక్కితే గుంట పడకూడదు, మేడం" అన్నాను. "ఏడవాలి. అడగాలి."

"ఇదేం జవాబు? ఈ బిడ్డకు మొదటి బహుమతి వచ్చిందని రాసి ఉంది. అప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా?"

"ఇప్పుడే, మేడం. అప్పుడు చావబోతుండె. మేమే గుర్తుపట్టలేదు. బహుమతి మేమే ఇచ్చాం."

ఆమె కలం పక్కన పెట్టింది. నేను చేసి తెచ్చిన వంటలు బల్ల మీద ఉన్నాయి. ఒక పల్లీ ఉండ తీసి వాసన చూసింది. సుక్కి నా చంకలో ఎప్పటిలాగే గమ్మున ఉంది. ఆ ఉండను చూసింది. మేడం దాన్ని నోటి దాకా తీసుకుపోయింది.

సుక్కి అరిచింది.

అంత గొంతు ఆ ఎముకల్లో ఎక్కడ ఉందో. నా చంకలోంచి వంగి, రెండు చేతులతో మేడం మణికట్టు పట్టి గుంజింది. మేడం "అరే, అరే" అంటూ చేయి లాక్కోబోయింది. సుక్కి ఆమె వేలు కొరికింది, ఉండ లాక్కుంది, మొత్తం నోట్లో కుక్కుకుంది, ఇంకోటి కావాలని బల్ల వైపు చేయి చాపి ఏడుపు అందుకుంది. వరండాలో కోతిపిల్ల కూడా జత కలిపాడు.

మల్లక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తట్టు పోసినకాడికెళ్లి దీని గొంతు ఇనలేదు బిడ్డా," అంది, "ఇనలేదు."

నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, పరీక్ష ముందు నర్సు అలా ఉండకూడదు. మేడం వేలు పట్టుకుని చూస్తోంది, పళ్ల గుర్తులు నాలుగు. సుక్కి పాదం తన వైపు లాక్కుని, బొటనవేలితో నొక్కింది. చాలాసేపు పట్టుకుని వదిలింది. గుంట పడలేదు. పక్కనే వత్సలాబాయి వచ్చి నిలబడింది. తనూ నొక్కి చూసింది.

28 నవంబర్

ఫలితం వచ్చింది. మిగతావన్నీ పాసు. బిడ్డ కేసు ఫెయిలు, ఎందుకంటే బరువు గీత కింద ఉంది. రూలు అదేనట, మేడం కూడా మార్చలేకపోయిందట. మరో ఆరు నెలలు అంకిస. యాదక్క రేపు వెళ్లిపోతోంది, తన మంచి మూల నాకు వదిలేసి. దానికి కళ్లనీళ్లు. నాకు ఏడుపు రాలేదు గాని కోపం వచ్చింది. గోడకు తగిలించిన చార్టు పీకి పొయ్యిలో పెట్టాను.

3 డిసెంబర్

వత్సలాబాయి కొత్త బ్యాచ్‌ను తీసుకొచ్చింది. ఈ సారి పోషణ పాఠం మొదటి రోజే మొదలుపెట్టిందట. అది కూడా బోర్డు మీద కాదు. పన్నెండు మంది అమ్మాయిలను వాగు గట్టున కూర్చోబెట్టి, ఒకరి కాళ్లు ఒకరితో నొక్కించింది. చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వులే నవ్వులు. నన్ను చూపించి, మిగతాది ఈమె చెబుతుంది అంది. నేను ఫెయిలైన మనిషిని కదా అన్నాను. "అందుకే" అంది.

14 డిసెంబర్

గూడెంలో కొలుపు. పంట ఇంటికొచ్చింది, కోడినిచ్చారు, మొక్కు తీరింది. మల్లక్క కబురు పెట్టి పిలిపించింది. మొదటి ముద్ద సుక్కికి పెట్టాలని కోడి కార్జం ఉడికించి ఆ స్టీలు గిన్నెలో వేసింది. సుక్కి తిని, గిన్నె నాకి, రాజుబాయి ఒళ్లో పాలు తాగుతున్న తమ్ముణ్ని చూసి గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. ఎత్తుకున్నా ఆపలేదు, ఆడించినా ఆపలేదు. చెవులు చిల్లులు పడ్డాయి.

"ఊకోబెట్టాల్నా, బిడ్డా?" అని అడిగింది మల్లక్క.

"వద్దు, అవ్వా," అన్నాను, "ఏడ్వనియ్యి."